ఒజెట్ ఊరు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరాన, కేప్ అలావా దగ్గర మకా అనే ఆదివాసీ జాతివాళ్ల పాత ఊరు ఒజెట్. తడినేల తవ్వకాల్లో పనిచేసేవాళ్లం దీని గురించి తప్పుడు మాటలు చాలానే వింటుంటాం.

అపోహ: బురద ముంచెత్తి ఊరు ఖాళీ అయింది.

వాస్తవం: కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ జారి కప్పేసింది కొన్ని ఇళ్లనే. ఆ తర్వాత కూడా జనం అక్కడే బతికారు. 20వ శతాబ్దం మొదట్లో వాళ్లను కదిలించింది బడి. పిల్లలు మకావాళ్ల మరో ఊరైన నియా బేలో చదవాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టింది. పిల్లల కోసం పెద్దలూ తరలిపోయారు. ఇది చెప్పకపోతే ప్రభుత్వం చేసిన పని ప్రకృతి ఖాతాలో పడిపోతుంది.

అపోహ: వేటగాళ్లవి పూరిపాకలు.

వాస్తవం: ఒక్కో ఇంట్లో చాలా కుటుంబాలు ఉండేవి. తవ్వితీసిన ఒక ఇల్లు సుమారు 20 మీటర్ల పొడవుంది. ఎర్ర సీడార్ చెట్టు దుంగలో చీలలు దిగ్గొట్టి పలకలు తీసేవారు. గోడపలకల్ని జంట గుంజల మధ్య అడ్డంగా పేర్చి, సీడార్ కొమ్మలు మెలిపెట్టిన తాళ్లతో కట్టేవారు. వేసవిలో చేపలు పట్టే చోట్లకు వెళ్లేటప్పుడు విప్పి పడవల్లో తీసుకుపోవడానికే ఈ ఏర్పాటు. నీళ్లు ఇంట్లోకి రాకుండా మళ్లించడానికి తిమింగలం ఎముకలు పాతేవారు.

అపోహ: బలంగా ఈటె విసిరితే తిమింగలం వేట అయిపోతుంది.

వాస్తవం: పడవలో ఎనిమిది మంది. ఈటెను విసిరేవారు కాదు, పక్కకు చేరి పొడిచేవారు. మొన ఆలిచిప్పది, దాని రెండు ముళ్లు ఎల్క్ అనే పెద్ద జింక కొమ్మువి, అతుకు స్ప్రూస్ చెట్టు బంకతో. మొనకు తిమింగలం నరాలతో పేనిన తాడు, ఆ తాడుకు గాలి నింపిన, సీల్ అనే సముద్రజంతువు తోలు తిత్తులు. పొడవగానే కర్ర ఊడివస్తుంది, మొన లోపలే ఉండిపోతుంది. తేలే తిత్తులు వెనక్కి లాగుతుంటే తిమింగలం అలసిపోతుంది. పరుగెత్తే తాడులో కాలు చిక్కితే మనిషి దక్కడు. చచ్చిన తిమింగలం నోరు తెరుచుకుంటే నీళ్లు నిండి మునుగుతుంది. అందుకే ఒకరు నీళ్లలో దూకి నోరు కుట్టేసేవారు.

అపోహ: తడిసిన కొయ్య పాడైపోతుంది, తీయగానే ఎండబెట్టాలి.

వాస్తవం: తడి బంకమట్టి గాలిని అడ్డుకోబట్టే బుట్టలు, తాళ్లతో సహా 55,000 పైచిలుకు వస్తువులు దక్కాయి. 1970లో తుఫాను అలలకు ఇళ్లు బయటపడ్డాక మట్టిని గొట్టాలతో నీళ్లు కొట్టి కడిగారు. పార తగిలితే మెత్తబడ్డ కొయ్య చీరుకుపోతుంది. అలాంటి కొయ్యకు ఆకారం నిలబెట్టేది లోపలి నీరే. ఎండబెడితే కణాలు కుంగి పగుళ్లిస్తుంది. అందుకే పాలీఇథిలిన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థంలో నానబెట్టి, నీటి స్థానంలో దాన్ని నింపుతారు. ఆ వస్తువులు నేడు నియా బేలో, 1979లో మకావాళ్లు తెరిచిన సొంత మ్యూజియంలోనే ఉన్నాయి.