కిరాయికి వచ్చే ప్రతి కారూ ట్యాక్సీ కాదు

నల్గొండలో పదహారేళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాను. ఫోన్ చేసేవాళ్లు ట్యాక్సీ అనే మాట వాడేది తక్కువే. "అన్నా, పొద్దున గుట్టకు పోవాలె, బండి ఉన్నదా?" అంటారు. ఎట్లా పిలిచినా ఫరవాలేదు. ఏ బండి ఎక్కుతున్నారో మాత్రం తెలిసి ఎక్కండి.

అపోహ: కిరాయికి వస్తే అది ట్యాక్సీయే.

వాస్తవం: ముందు నంబరు ప్లేటు చూడండి. పసుపు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. తెలుపు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకం కారు. ఎలక్ట్రిక్ బండ్లకైతే రెండింటికీ ఆకుపచ్చ ప్లేటే, ట్యాక్సీకి అక్షరాలు పసుపు రంగులో ఉంటాయి. రంగుదేముందిలే అనుకోవద్దు. ఆ పసుపు వెనక పర్మిట్, ఫిట్‌నెస్, కిరాయి బండికిచ్చే ఇన్సూరెన్స్ ఉండాలి. మా వీధిలో ఒకాయన తెల్ల ప్లేటు కారును పెళ్లి కిరాయికి పంపాడు. దేవరకొండ రోడ్డులో కల్వర్టుకు గుద్దుకుంది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కిరాయికి తిప్పారని తెలియగానే ఇన్సూరెన్స్ వాళ్లు రిపేరు డబ్బులు ఇచ్చేది లేదన్నారు. పాలసీ కాగితంలో ఆ షరతు ముందే ఉంది, ఆయన చదవలేదు. బంపర్ ఊడి, రేడియేటర్ పగిలిన ఆ కారు మూడు నెలలు షెడ్డులోనే పడి ఉంది. పోయేటప్పుడల్లా చూసేవాణ్ణి, కడుపు తరుక్కుపోయేది. అందులో మనుషులకే ఏదైనా అయ్యుంటే?

అపోహ: క్యాబ్ వేరు, ట్యాక్సీ వేరు.

వాస్తవం: రెండూ ఒకటే. క్యాబ్ అనేది క్యాబ్రియోలె అనే ఫ్రెంచి గుర్రపు బండి పేరు నుంచి వచ్చింది. కిరాయి లెక్కగట్టే ట్యాక్సీమీటరు బిగిస్తే అది ట్యాక్సీక్యాబ్ అయింది. ఆ మాటను మనం రెండుగా విరిచి వాడుకుంటున్నాం. 1988 మోటారు వాహనాల చట్టంలో మాత్రం డ్రైవర్ కాక ఆరుగురి దాకా పట్టేది మోటార్ క్యాబ్, పన్నెండు మంది దాకా మ్యాక్సీ క్యాబ్.

అపోహ: సీటు ఖాళీగా ఉంటే దారిలో ఇంకొకరిని ఎక్కించుకోవచ్చు.

వాస్తవం: మీరు మాట్లాడుకున్నది మొత్తం బండిని. మధ్యలో వేరేవాళ్లను ఎక్కించుకోవడానికి మా పర్మిట్ ఒప్పుకోదు.

అపోహ: మీటరు లేని ట్యాక్సీలో మోసం తప్పదు.

వాస్తవం: మా దగ్గర కిలోమీటరుకు ఇంత అని ముందే మాట్లాడుకుంటాం. డ్రైవర్ బత్తా, టోల్ ఎవరివో అప్పుడే తేల్చుకోండి. ఎక్కేటప్పుడు స్టీరింగ్ వెనక కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీయండి, దిగేటప్పుడు ఇంకొకటి. నా బండి ఎక్కినవాళ్లకు నేనే గుర్తుచేసి తీయిస్తాను.