బడిలో దీపావళి చేస్తే సరిపోతుందా? మా రంగంపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో బహుళ సంస్కృతుల విద్య, నగరాల్లోని బడుల మీద పరిశోధన చేస్తున్నానంటే మనవాళ్లు "అంటే ఏం చేస్తారండీ?" అంటారు. ఆ తర్వాత తరచూ వినే మాటలివి.

అపోహ: బడిలో అన్ని దేశాల పండుగలూ జరపడమే ఈ విద్య.

వాస్తవం: పండుగ మంచిదే. మా అబ్బాయి బడికి నేనూ లడ్డూలు చేసి పట్టుకెళ్లాను. కానీ మర్నాడు పిల్లలు చదివిన పాఠం పాతదే. ఈ రంగానికి పునాది వేసిన జేమ్స్ బ్యాంక్స్ పండుగలు, మహనీయుల జయంతులను మొదటి మెట్టుగానే లెక్కగట్టారు. పై మెట్టు ఎక్కాలంటే పాఠమే మారాలి. కొలంబస్ కథను ఓడలోంచి చూసినట్టే, ఒడ్డునున్న మూలవాసుల కళ్లతోనూ చదివించాలి.

అపోహ: పేదల ఇళ్లలో పిల్లలు నేర్చుకునేదేం ఉండదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. అరిజోనాలోని టూసాన్‌లో విద్యా పరిశోధకుడు లూయిస్ మోల్ బృందంలోని టీచర్లు మెక్సికన్ మూలాలున్న శ్రామికుల ఇళ్లకు వెళ్లారు. పిల్లల మీద ఫిర్యాదులు చెప్పడానికి కాదు, తాము తెలుసుకోవడానికి. సేద్యం, గనిపని, ఇళ్ల నిర్మాణం, మూలికా వైద్యం, మరమ్మతులు... ఆ ఇళ్లలో ఎంత విద్య ఉందో అప్పుడు కనబడింది. తన విద్యార్థి మెక్సికో మిఠాయిలు అమ్ముతాడని తెలుసుకున్న ఒక టీచరు, మిఠాయి చుట్టూనే తరగతి పాఠాలు అల్లారు. ఈ పరిశోధన గురించి మోల్ బృందం 1992లో రాసిన వ్యాసాన్ని కొత్త విద్యార్థులకు నేను మొదటి వారమే ఇస్తాను.

అపోహ: అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఉంటే సమానంగా చూసినట్టే.

వాస్తవం: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది చైనా మూలాల పిల్లలకు ఏ అదనపు సాయమూ లేకుండా ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పారు. అర్థం కాని భాషలో అవే పుస్తకాలిస్తే అది సమానత్వం కాదని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: నల్లజాతి పిల్లలకు నల్లజాతి టీచర్లే బాగా చెప్పగలరు.

వాస్తవం: గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ ఈ పిల్లలకు బాగా చెప్పే టీచర్లెవరని తల్లిదండ్రులనూ ప్రిన్సిపాళ్లనూ అడిగి, ఎనిమిది మందిని దగ్గరగా గమనించారు. వాళ్లలో ముగ్గురు తెల్లవాళ్లు. పిల్లలెందుకు వెనకబడ్డారని కాక, ఎవరి దగ్గర ఎందుకు రాణిస్తున్నారని అడగడం ఆమె గొప్పతనం. పరిశోధకురాలు కాకముందు ఆమె కూడా ఫిలడెల్ఫియా బడుల్లో పాఠాలు చెప్పినవారే. అందుకే పిహెచ్‌డి గురించి అడిగేవాళ్లకు ముందు రెండు మూడేళ్లయినా బడిలో పాఠం చెప్పి రమ్మంటాను.