గొర్రెకు మేత నేర్పిందెవరు?

తొట్టి నిండా గోధుమలు పోసి ఉంటాయి. పక్కనే గొర్రె ఆకలితో నిలబడి ఉంటుంది. మూతి దగ్గరగా పెట్టి వాసన చూస్తుంది, వెనక్కి తగ్గుతుంది. కరువు ఏడాది మందను గింజలు పెట్టి నిలుపుకోవాలని చూసే ఆస్ట్రేలియా పెంపకందారులకు ఇది పాత తలనొప్పి. పుట్టిన దగ్గర్నుంచి పచ్చిక తప్ప మరొకటి ఎరగని గొర్రెకు గోధుమ గింజ కూడా మేతేనని తెలియదు. ప్రాణాలతో గొర్రెలను ఎగుమతి చేసే ఓడల్లోనూ ఇదే జరిగేది. ఓడ మీద చనిపోయిన గొర్రెలను 1980లలో పరీక్షిస్తే, ప్రధాన కారణాలుగా రెండు తేలాయి: మేత ముట్టకపోవడం, సాల్మొనెల్లా జబ్బు. ఎదురుగా గుళికల మేత ఉండగానే అవి చిక్కి శల్యమై చనిపోయాయి.

దీన్ని గొర్రె మొండితనమనో బుద్ధిహీనతనో అనుకోవడం అన్యాయం. ఏది తినాలో, ఏది వదలాలో గొర్రె పుడుతూనే మొత్తం తెలుసుకుని రాదు. తల్లి దగ్గర కొంత, తోటి గొర్రెల దగ్గర కొంత నేర్చుకుంటుంది. మిగతాది సొంత కడుపే నేర్పుతుంది. ఈ సంగతి రుజువు కావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

అంతకుముందు రెండు వాదాలు ఉండేవి. ఒంటికి ఏం కావాలో నాలుకకు పుట్టుకతోనే తెలుసన్నది మొదటిది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కర్ట్ రిక్టర్ 1930లలో చేసిన ప్రయోగాలు దానికి బలమిచ్చాయి. ఒంట్లో ఉప్పును నిలిపి ఉంచే అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలు ఉప్పు ఎక్కువెక్కువగా తీసుకుని బతికాయి. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: జంతువుకేమీ తెలియదు, దొరికింది తింటుంది, లేకపోతే విషపు మొక్కలు మేసి ఎందుకు చస్తుంది? ఈ రెండు వాదాల్లోనూ నేర్చుకోవడానికి చోటు లేదు.

ఆ చోటు తెరిచింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా. 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలోని అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు ఇస్తూ గామా కిరణాలు సోకించారు. కిరణాల వల్ల వాటికి ఒంట్లో బాగుండలేదు. ఆ తర్వాత ఎలుకలు తియ్యటి నీళ్ల జోలికి వెళ్లలేదు. 1966లో గార్సియా, రాబర్ట్ కోలింగ్ ఇంకో మెట్టు ఎక్కారు. కడుపులో వికారం పుడితే ఎలుక రుచినే అనుమానిస్తుంది, కరెంటు షాక్ తగిలితే వెలుగునూ చప్పుడునూ అనుమానిస్తుంది. శిక్ష క్షణాల్లో పడితేనే జంతువు నేర్చుకుంటుందని ఆనాటి మనస్తత్వశాస్త్రం గట్టిగా నమ్మేది. గార్సియా ఎలుకలు తిన్న గంట తర్వాత వచ్చిన జబ్బుకు కూడా ఆ రుచినే బాధ్యురాలిని చేశాయి. నెమరువేసే జంతువు విషయంలో ఇది ఎంత కీలకమో ఆలోచించండి. మేసిన ఆకు మంచిచెడులు దానికి తెలిసేది అది పొట్టలో నాని పులిశాకే.

ఆ మీదట గార్సియా బృందం లిథియం క్లోరైడ్ అనే లవణాన్ని గొర్రె మాంసంలో కలిపి, గొర్రెలను వేటాడే కయోటీలకు (తోడేలును పోలిన అమెరికా అడవి జంతువులకు) పెట్టింది. తిన్న కయోటీలు వాంతులతో అవస్థ పడి, గొర్రెలంటే వెనకాడాయి. 1974లో వచ్చిన ఆ ఫలితాల ఉద్దేశం గొర్రెలను కాపాడడం. కొన్నేళ్లకు అదే లవణాన్ని గొర్రెలకు పాఠం చెప్పడానికి వాడారు.

గొర్రెల దగ్గరికి వస్తే, తొలి గట్టి ఆధారం ఆస్ట్రేలియాలోని ఆర్మిడేల్ నుంచి వచ్చింది. జస్టిన్ లించ్, ఆయన సహచరులు 1980ల మొదట్లో మెరినో జాతి గొర్రెపిల్లలను తీసుకుని, కొన్నిటికి తల్లుల పక్కన, కొన్నిటికి తల్లులు లేకుండా గోధుమలు పెట్టారు. తల్లి పక్కన ఉన్న పిల్ల చేసే పని దగ్గర్నుంచి చూడదగ్గది. తల్లి గింజలు నములుతుంటే పిల్ల ఆమె మూతి దాకా మూతి తెచ్చి వాసన పీలుస్తుంది, తల్లి తల దించిన చోటే తనూ తల దించుతుంది, నాలుగు గింజలు నోట్లో వేసుకుంటుంది. రోజుకు గంట చొప్పున అయిదు రోజులు సరిపోయింది. మధ్యలో గోధుమ మళ్లీ చూపించకపోయినా, మూడేళ్ల తర్వాత తొట్టి ముందు నిలబెడితే ఆ గొర్రెలు తల్లి లేకుండా గోధుమ చూసినవాటికన్నా దాదాపు పది రెట్లు తిన్నాయి. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఈ ఒక్క ఫలితమే. పాలు తాగే వయసులో తల్లి పక్కన గడిపిన అయిదు గంటలు పెద్దయ్యాక కరువులో ప్రాణం నిలబెట్టగలవు.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఫ్రెడ్ ప్రోవెంజా అనే పరిశోధకుడు ఇదే ప్రశ్నకు మేకల దారిలో చేరుకున్నారు. నైరుతి యూటా ఎడారిలో బ్లాక్‌బ్రష్ అనే ముళ్లపొద ఉంటుంది. మేకలను మేపితే పొద కొత్త చిగుళ్లు వేస్తుంది, ఆ చిగుళ్లలో పోషకాలు ఎక్కువ, కాబట్టి మేకలకు మేలు జరుగుతుందని లెక్క వేశారు. మేకలు మాత్రం చిగుళ్లు వదిలేసి పాత కొమ్మలు కొరికాయి. చిగుళ్లలో వగరు పుట్టించే టానిన్లు దండిగా ఉన్నాయని, మొదట ఆశగా మేసిన మేకలు కడుపు చెడి మానుకున్నాయని తర్వాత బయటపడింది. మరో వింత కూడా అక్కడే జరిగింది. వుడ్‌ర్యాట్ అనే ఎలుకలు పొదల కింద పుల్లలూ బెరడూ పోగేసి గూళ్లు కట్టుకుంటాయి. వాటి మూత్రం ఇంకి ఆ గూళ్లలో నత్రజని పేరుకుంటుంది. ఒక గుంపు మేకలు ఈ గూళ్లు తినడం కనిపెట్టాయి. ఆ చలికాలం మిగతా గుంపులకన్నా తక్కువ చిక్కాయి. అలాంటి గూళ్లే పక్క దొడ్లలో ఉన్నా అక్కడి మేకలు వాటిని ముట్టలేదు. జాతి ఒకటే, నేల ఒకటే. తేడా ఆ గుంపుకు తెలిసినదానిలోనే ఉంది.

లోగన్‌లోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో తర్వాతి పదిహేనేళ్లు ప్రోవెంజా బృందం ఈ విషయాన్ని ముక్కలు ముక్కలుగా విప్పింది. చూడి గొర్రెలకు వెల్లుల్లి పెడితే ఆ వాసన ఉమ్మనీటిలోకి దిగుతుంది. పాలలో కలిసిన ఉల్లి, వెల్లుల్లి రుచులు ఆ తర్వాత పిల్ల మేత ఎంపికలో కనిపిస్తాయి. ఆరు వారాల పిల్ల పన్నెండు వారాల పిల్లకన్నా గట్టిగా తల్లిని అనుసరిస్తుంది. తల్లి వదిలేసిన పొదను పిల్ల కూడా తప్పించుకుంటుంది.

కడుపు నేర్పే పాఠం వేరే పద్ధతిలో సాగుతుంది. నాలుగు రకాలు మేసిన పిల్లకు జబ్బు చేస్తే, తెలిసిన మేతలను వదిలేసి కొత్తదాన్నే తప్పుపడుతుంది. కొత్త మొక్కను గొర్రె ముందు కొంచెమే కొరికి చూడడం వెనుక ఉన్న జాగ్రత్త ఇదే. 1994లో ప్రోవెంజా, లించ్, జాన్ నోలన్ కలిసి గొర్రెలను గాఢమైన మత్తులో ఉంచి లిథియం క్లోరైడ్ ఇచ్చారు. మెలకువ వచ్చాక, మత్తుకు ముందు తిన్న మేతను అవి తగ్గించేశాయి. వికారాన్ని అవి తెలిసి అనుభవించలేదు, అయినా ఏవగింపు పుట్టింది. అంటే గొర్రె ఆలోచించి తేల్చుకోవాల్సిన పని లేదు. 2006లో హువాన్ విలాల్బా బృందం దీనికి రెండో వైపు చూపింది. టానిన్లు, కొన్ని మొక్కల్లో ఉండే ఆక్సలేట్లనే హానికర పదార్థాలు, మితిమీరిన గింజలు తెచ్చే ఇబ్బందుల్లో ఏ ఇబ్బందికి ఏది విరుగుడో నేర్పితే, గొర్రెలు తగిన విరుగుడునే ఎంచుకున్నాయి.

తోటి గొర్రెల ప్రభావం ఈ పాఠాన్ని బలపరచగలదు, చెరిపేయగలదు కూడా. కలిసి పెరిగిన పిల్లలు ఇష్టమైన మేత వేరే చోట ఉన్నా నేస్తాలను వదిలి వెళ్లవు. పరిచయం లేనివాటిని కలిపి వదిలితే, దేనికిష్టమైన మేత దగ్గరికి అది చీలిపోతుంది. 1991లో ప్రోవెంజా, బెత్ బరిట్ ఒక మేత మీద ఏవగింపు కలిగించిన పిల్లలను, దాన్ని హాయిగా తినే పిల్లలతో కలిపారు. మొదటివి మళ్లీ తినడం మొదలుపెట్టాయి. పశువుల్లోనూ ఇంతే. లార్క్‌స్పర్ అనే విషపు మొక్కను మానేలా శిక్షణ ఇచ్చిన పశువులు, శిక్షణ లేని వాటితో కలిసి మేసేసరికి పాఠం మరిచాయి.

మందను విడగొట్టి అమ్మినా, మరో చోటికి తరలించినా పోయేది ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. బ్రిటన్‌లో 2001 గాలికుంటు వ్యాధి అదుపు కోసం లక్షలాది పశువులను చంపినప్పుడు, లేక్ డిస్ట్రిక్ట్ కొండల కాపరుల దిగులు నష్టపరిహారంతో తీరేది కాదు. కంచెలు లేని ఆ కొండల మీద తన మేత హద్దు ఏదో ప్రతి పిల్లా తల్లి వెంట తిరిగే నేర్చుకునేది. అడవి గొర్రెల్లో ఇది ఎంత నెమ్మదిగా తిరిగి వస్తుందో 2018లో వ్యోమింగ్ పరిశోధకులు కొలిచారు. కొత్త కొండలకు తరలించిన బిగ్‌హార్న్ గొర్రెల్లో మొదట వలస వెళ్లినవి పదోవంతు కూడా లేవు. పచ్చిక పెరిగే వరసను పట్టుకుని మందలో ఎక్కువ భాగం వలస సాగించడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది.

ఇదంతా ఇప్పుడు ద్రాక్ష, ఆలివ్ తోటల్లో అక్కరకొస్తోంది. కలుపుమందు బదులు గొర్రెలను దింపాలంటే అవి గడ్డి మేసి చిగురు వదిలేయాలి. కాలిఫోర్నియాలో ద్రాక్ష ఆకుతో, బార్సిలోనా పరిశోధకులు ఆలివ్ ఆకుతో ప్రయత్నించిన పద్ధతి ఒకటే: గొర్రెకు ఆ ఆకు కడుపునిండా తిననిచ్చి, వెంటనే కిలో బరువుకు 150 నుంచి 200 మిల్లీగ్రాముల లెక్కన లిథియం క్లోరైడ్ తాగించడం. ఆకు అంతకుముందు ఎరగనిదైతే పాఠం బాగా పడుతుంది. చెట్ల కింద గడ్డి అయిపోతే ఆకలి ఆ పాఠాన్ని తోసేస్తుంది, కాబట్టి గడ్డి పలచబడక ముందే మందను తోలుకుపోవాలి. శిక్షణ లేని గొర్రెను ఆ మందలో కలపకూడదు. చిగురు కొరికి ఏమీ కాకుండా నిలబడ్డ గొర్రె ఒక్కటి కనిపించినా దాన్ని ఆ రోజే వేరు చేయాలి, ఎందుకంటే పక్కన మేస్తున్నవి దాని మూతినే వాసన చూస్తుంటాయి.