ప్రాణమే లేనిదాన్ని చంపడం ఎలా?

జింకలకు వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బుపై కొత్త నిబంధన తెచ్చేముందు అమెరికా రాష్ట్రాలు ముసాయిదా ప్రకటించి వేటగాళ్లు, భూయజమానులు, జింకల పెంపకందారుల అభిప్రాయాలు అడుగుతాయి. ఆ ముసాయిదాలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. వేటాడిన జింక తలను, వెన్నెముకను జబ్బున్న ప్రాంతం దాటించకూడదు. ఎముకలు తీసిన మాంసానికి, శుభ్రం చేసిన కొమ్ములకు అడ్డు లేదు. మేత కుప్పలు పోసి జింకలను రప్పించకూడదు. మేత వేయడం కూడా నేరమేనా అని అడిగేవారిని నేను తప్పుపట్టను. జబ్బంటే సూక్ష్మజీవి అనే కదా బడిలో చెప్పింది! ఇక్కడ అదే లేదు.

ఈ జబ్బు 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో పెంచుతున్న జింకల్లో బయటపడింది. అది మెదడును స్పంజిలా తూట్లు పొడిచే జబ్బుల కోవకు చెందినదని 1978లో పశువైద్య శాస్త్రవేత్త ఎలిజబెత్ విలియమ్స్ గుర్తించారు. పత్రికలు దీనికి ‘జాంబీ జింకలు’ అని పేరు పెట్టి దయ్యాల కథగా మార్చేశాయి. అసలు కథ అంతకంటే వింతైనది.

చిక్కటి పంచదార పాకంలో ఒక్క పలుకు వేస్తే చుట్టూ ఉన్న చక్కెర ఆ పలుకు రూపంలోనే పేరుకుంటుంది. ఈ జబ్బు తెచ్చే ప్రియాన్, అంటే వంకరగా మడతపడిన ప్రోటీన్, ఆ పలుకు. పాకం జింక సొంత ప్రోటీన్, పీఆర్‌పీ. మామూలుగా ఆ ప్రోటీన్‌లో ఆల్ఫా హెలిక్స్ అనే చుట్టలు ఎక్కువగా ఉంటాయి; వంకరపోయిన అణువు తగిలితే తానూ బీటా షీట్ అనే పొరలుగా మడతపడి, దానికే అతుక్కుంటుంది. పెరిగిన పోగు విరిగితే ప్రతి ముక్కా కొత్త పలుకే. అమైనో ఆమ్లాల వరస మాత్రం మారదు, కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా పోల్చుకోదు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ లేవు, కాబట్టి వాటిని చెడగొట్టి క్రిములను చంపే అతినీలలోహిత కిరణాలకు ఇక్కడ పనిలేదు. ప్రోటీన్ ఒక్కటే జబ్బు అంటించగలదన్న ఈ ఊహను మొదట చాలామంది కొట్టిపారేశారు; 1997లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్‌కు నోబెల్ దీనికే వచ్చింది.

ఇప్పుడు ముసాయిదా మళ్లీ చదవండి. పలుకులు దట్టంగా ఉండేది మెదడులో, వెన్నుపాములో, లసిక గ్రంథుల్లో (లింఫ్ నోడ్స్). అందుకే తలకూ వెన్నెముకకూ కట్టడి. లక్షణాలు బయటపడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆలోగానే ఉమ్ములో, మూత్రంలో, పెంటలో పలుకులు రాలుతుంటాయి. మేత కుప్ప దగ్గర పది మూతులు ఒకేచోట చేరతాయి. ‘చూడటానికి బాగానే ఉంది కదా’ అన్న వాదన అక్కడ నిలవదు.

నేల సంగతి మరీ విచిత్రం. మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ప్రియాన్లను గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నంత మాత్రాన వాటి బలం తగ్గదు. ఇదే కోవకు చెందిన మరో జబ్బు ప్రియాన్లను ఆ మట్టితో కలిపి హామ్‌స్టర్లకు తినిపిస్తే, జబ్బు అంటించే శక్తి సుమారు 680 రెట్లు పెరిగింది.

2002లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జబ్బు కనబడగానే ఆ ప్రాంతపు జింకలన్నింటినీ తుడిచిపెట్టాలనుకున్నారు. వేటగాళ్లు, భూయజమానులు ఎదురుతిరిగారు, పథకం నీరుగారింది. జనం సహకరించని నిబంధన అడవిలో అమలుకాదు. వేటగాడు చంపిన జింక లసిక గ్రంథుల నమూనా ఇవ్వకపోతే జబ్బు ఎక్కడుందో కూడా తెలియదు. ఇప్పుడు అక్కడ ఏ కౌంటీలోనైనా (మన జిల్లాలాంటిది) జబ్బు తేలితే మేత వేయడంపై మూడేళ్ల నిషేధం. మళ్లీ కేసు తేలకపోతే గడువుతో అదీ పోతుంది. ఐస్‌లాండ్‌లో ఇదే కోవకు చెందిన గొర్రెల జబ్బు స్క్రేపీ ప్రియాన్ దొడ్డి పరిసరాల్లో కనీసం 16 ఏళ్లు నిలిచింది. నన్ను అభిప్రాయం అడిగితే, ముందు ఆ మూడేళ్ల లెక్క ఎక్కడిదని అడుగుతాను.