కేకవేటు దూరం, 58 ఏళ్ల ప్రయాణం: జపాన్‌లోని నాగషిమా కుష్ఠు శానిటోరియం నేపథ్యం

కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం జపాన్ ప్రభుత్వం నెలకొల్పిన తొలి జాతీయ శానిటోరియం నాగషిమా అయిసెయెన్. ఒకాయమా తీరానికి ఆనుకుని, సెతో సముద్రంలో ఉన్న నాగషిమా ద్వీపంలో 1930లో దాన్ని స్థాపించారు. ఇరుకైన చోట ద్వీపానికీ ఒడ్డుకూ మధ్య నీటి పాయ వెడల్పు సుమారు 30 మీటర్లే. ఇవతల నిలబడి పిలిస్తే అవతలివాళ్లు పలకగలిగేంత ఆ కేకవేటు దూరంపై వంతెన పడటానికి 58 ఏళ్లు పట్టింది. కుష్ఠు బాధితుల కుటుంబాలకు జపాన్ ఈనాటికీ ఎందుకు పరిహారం చెల్లిస్తోందో తెలియాలంటే ఆ 58 ఏళ్ల దగ్గరికే వెళ్లాలి.

వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. అది అంత తేలికగా అంటుకునేది కాదు. చాలామంది శరీరాలు దాన్ని సహజంగానే తట్టుకోగలవు. అయినా జపాన్ 1907లో చేసిన చట్టం ఇల్లూవాకిలీ లేక గుళ్ల చుట్టూ, యాత్రాస్థలాల్లో తిరిగే రోగులను పట్టి ఆశ్రమాల్లో పెట్టమంది. 1931లో ఆ నిర్బంధాన్ని ఇంట్లో ఉంటున్న రోగులకు కూడా వర్తింపజేశారు. తమ ప్రాంతంలో ఒక్క రోగి కూడా మిగలకూడదని స్థానిక ప్రభుత్వాలు పోటీపడ్డాయి. ఇరుగుపొరుగువారే సమాచారం చేరవేశారు. రోగిని తీసుకుపోయాక ఆ ఇంటికి మందు చల్లితే, ఆ వాసనతోనే సంగతి ఊరంతా తెలిసిపోయేది. మన పల్లెల్లో ఈ జబ్బు పేరెత్తడానికే జంకి 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి చెప్పుకున్న కాలం గుర్తున్నవారికి, ఆ తర్వాత ఆ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు ఏమయ్యాయో విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటివాళ్లకు మచ్చ రాకూడదని చాలామంది రోగులు ద్వీపంలో అడుగుపెట్టగానే సొంత పేరు వదిలి మరో పేరు పెట్టుకున్నారు.

సాగనంపడానికి వచ్చిన తల్లీతండ్రీ పడవల రేవు దగ్గరే ఆగిపోవాలి. అక్కడి నుంచి రోగిని ఒక భవనంలోకి తీసుకెళ్లి, బట్టలు విప్పించి, క్రిములను చంపే క్రెసాల్ మందు కలిపిన నీళ్ల తొట్టిలో స్నానం చేయించేవారు. చేతిలో ఉన్న డబ్బు తీసుకుని, ద్వీపంలో మాత్రమే చెల్లే నాణేలు ఇచ్చేవారు. పారిపోయినా బయట బియ్యం కొనడానికి కూడా పనికిరాని డబ్బు అది. ఆ భవనమూ, అందులోని తొట్టీ నేటికీ ఉన్నాయి.

శానిటోరియం అన్న పేరును బట్టి అది వైద్యం దొరికే చోటు అనుకుంటాం. ఇక్కడ మాత్రం మంచం పట్టిన రోగులకు సేవ చేయడం, పొలం దున్నడం, చనిపోయినవారిని దహనం చేయడం అన్నీ రోగుల పనులే. స్పర్శ తెలియని చేతులతో బరువు పనులు చేస్తే దెబ్బ తగిలినట్టే తెలియదు. పుండు ముదిరి వేళ్లు పోయేవి. సామర్థ్యానికి మించి జనాన్ని కుక్కడంతో 1936 ఆగస్టులో రోగులు పని మానేసి, తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు కోరారు. చూపు పోయి, వేళ్ల మొనలకు స్పర్శ కూడా లేకపోయిన కొందరు బ్రెయిలీ చుక్కలను నాలుకతో తడిమి చదవడం నేర్చుకున్నారు. చదువు మీద అంతటి ఆశ ఉన్న మనుషులను లోకానికి భారమని లెక్కగట్టారు.

తొలి డైరెక్టర్ కెన్‌సుకె మిత్సుదా సామాన్యుడు కాడు. ఈ వ్యాధిని రోగి శరీరం ఎంతవరకు ఎదిరించగలదో తెలిపే చర్మ పరీక్ష నేటికీ ఆయన పేరుతోనే ఉంది. అలాంటి శాస్త్రజ్ఞుడే జీవితకాల నిర్బంధం కోసం చివరిదాకా పట్టుబట్టాడు. ఆశ్రమంలో పెళ్లి చేసుకోవాలంటే మగవాడు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించుకోవాలన్న పద్ధతిని 1915లో, టోక్యో దగ్గరి ఆశ్రమంలో ఉండగా మొదలుపెట్టింది ఆయనే. 1948 నాటి చట్టం దానికి అధికార ముద్ర వేసింది.

ఆ సరికి మందు వచ్చేసింది. అమెరికాలోని కార్విల్‌లో 1941లో ఫలితమిచ్చిన ప్రోమిన్, యుద్ధం ముగిశాక జపాన్ రోగులకూ అందసాగింది. ఇక తలుపులు తెరుచుకుంటాయని రోగులు ఆశపడ్డారు. వారు నిరాహార దీక్షలు చేసినా వినకుండా, 1953లో పార్లమెంటు నిర్బంధాన్ని కొనసాగిస్తూ కొత్త చట్టం చేసింది. నా దృష్టిలో ఈ చరిత్రలో క్షమించడానికి అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదే. 1907లో భయం ఉంది, మందు లేదు. 1953లో మందు చేతిలో ఉంది. 1955లో ద్వీపంలో వ్యాధి సోకిన పిల్లల కోసం హైస్కూలు తెరిచారు గానీ, ఉపాధ్యాయుల గదిలోకి విద్యార్థులకు ప్రవేశం లేదు. సందేహం అడగాలంటే బయట గంట మోగించి, తెల్లకోటు వేసుకున్న మాస్టారు వచ్చేదాకా నిలబడాలి.

రోగుల సుదీర్ఘ ఉద్యమం తర్వాత 1988 మేలో వంతెన తెరుచుకుంది. చట్టం రద్దు కావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. (మన దేశం 1898 నాటి కుష్ఠు చట్టాన్ని 2016లో గానీ రద్దు చేయలేదు.) 1998లో దక్షిణాన ఉన్న క్యూషూ ద్వీపంలోని ఆశ్రమాలకు చెందిన 13 మంది వేసిన దావాలో, నిర్బంధం 1960 తర్వాత ఏ విధంగానూ అవసరం లేదని కుమమోతో కోర్టు 2001 మే 11న తేల్చింది. ప్రధాని కొయిజుమి అప్పీలుకు వెళ్లలేదు. అయినా 2003లో కుమమోతో ప్రాంతంలోని ఒక హోటల్, జబ్బు నయమై ఏళ్లు గడిచిన ఆశ్రమవాసులకు గదులివ్వడానికి నిరాకరించింది. ఇళ్లకు తిరిగి వెళ్లినవారు కొద్దిమందే. నాగషిమాలోని అస్థికల మందిరంలో, సొంత ఊరి శ్మశానానికి చేరలేని 3,000 మందికి పైగా అస్థికలు ఉన్నాయి.

కుటుంబాలు అనుభవించిన వెలికి కూడా ప్రభుత్వమే బాధ్యత వహించాలని అదే కోర్టు 2019 జూన్‌లో చెప్పింది. ఆ ఏడాదే ఒక్కొక్కరికి గరిష్ఠంగా 18 లక్షల యెన్‌ల పరిహారం ఇచ్చే చట్టం వచ్చింది. అర్హులు సుమారు 24 వేల మంది ఉంటారని ప్రభుత్వం అంచనా వేసింది. దరఖాస్తు చేస్తే తాతకో మేనత్తకో ఈ జబ్బు ఉండేదన్న సంగతి భర్తకో కోడలికో తెలిసిపోతుందన్న భయంతో ఎందరో వెనకాడారు. సగం మంది కూడా ముందుకు రాకపోవడంతో గడువును 2029 దాకా పొడిగించారు.