తలుపు తీసినవాళ్ల లెక్క

“ఇంటింటికీ తిరిగి ఓటెయ్యమని చెబితే పోలింగ్ నిజంగా పెరుగుతుందా?” అని ఒక పాఠకుడి ప్రశ్న. పెరుగుతుంది. ఎంత అన్నదగ్గరే చిక్కు. తిరిగొచ్చిన కార్యకర్తలను అడిగితే “మేం కలిసినవాళ్లు చాలామంది వేశారు” అంటారు. అది అబద్ధం కాదు, అలాగని సాక్ష్యమూ కాదు. తాయెత్తు కట్టుకున్నాక జ్వరం తగ్గినవాడు నలుగురికీ చెప్పుకుంటాడు. తగ్గనివాడు చప్పుడు చేయకుండా ఇంకో చోటికి పోతాడు.

అసలు తలుపు తీసేదెవరు? ఇల్లు మారనివాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, ముక్కూమొహం తెలియని మనిషితో రెండు నిమిషాలు మాట్లాడే ఓపిక ఉన్నవాళ్లు. వీళ్లలో చాలామంది ఎవరూ చెప్పకపోయినా ఓటేసేవాళ్లే. కలిసినవాళ్లను కలవనివాళ్లతో పోల్చారంటే లెక్క అక్కడే తప్పింది.

1924లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ గాస్నెల్ చికాగోలో ఓటర్లకు ఉత్తరాలు పంపి ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టాడు. ఎవరికి పంపాలన్నది మాత్రం లాటరీతో తేల్చలేదు. 1998లో అమెరికాలోనే న్యూ హేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు దాదాపు 30 వేలమంది ఓటర్ల మీద లాటరీ వేసి చేశారు. ముఖాముఖి మాట్లాడితే పోలింగ్ శాతం దాదాపు 9 పాయింట్లు పెరిగింది. ఒక్కో ఉత్తరం వల్ల దాదాపు అర పాయింటు. ఫోన్ వల్ల ఏమీ లేదు. ఈ 9 అన్న అంకె ఎలా వచ్చిందో చూడకుండా దాన్ని అప్పజెప్పడం దండగ, కాబట్టి లెక్క చేసి చూద్దాం.

ఊహకు 10,000 మంది ఓటర్లు అనుకోండి. లాటరీతో చెరి 5,000 చేశాం. మొదటి గుంపు ఇళ్లకు వెళ్లాం, రెండో గుంపు జోలికి పోలేదు. వెళ్లిన 5,000 మందిలో 1,500 మందే దొరికారు. వాళ్లలో 900 మంది ఓటేశారు, అంటే 60 శాతం. దొరకని 3,500 మందిలో 1,400 మంది వేశారు, 40 శాతం. తేడా 20 పాయింట్లు! కార్యకర్తలు సంబరపడేది ఈ అంకె చూసే.

ఇప్పుడు దొరికినవాళ్లనూ దొరకనివాళ్లనూ కలిపేయండి: 5,000కి 2,300, అంటే 46 శాతం. వెళ్లని గుంపులో 2,150 మంది వేశారు, 43 శాతం. తేడా 3 పాయింట్లు. ఈ మూడూ ఎక్కడివి? మనం మాట్లాడింది 30 శాతం మందితోనే, కాబట్టి 3ని 0.30తో భాగిస్తే 10. మాట్లాడినవాళ్ల మీద అసలు ప్రభావం ఇదే. మిగతా 10 పాయింట్లు మన మాట చలవ కాదు, తలుపు తీసే మనుషుల స్వభావం. దొరకనివాళ్లను జాబితాలోంచి కొట్టేయకూడదన్న నియమం విద్యార్థులకు చెబితే “వాళ్లతో మాట్లాడనే లేదు కదా” అని ఎదురు చెబుతారు. మాట్లాడలేదు, నిజమే. కానీ అలాంటివాళ్లే అవతలి గుంపులోనూ ఉన్నారు, వాళ్లెవరో మనకు తెలియదు. తెలియనప్పుడు రెండువైపులా ఉంచడమొక్కటే దారి.

ఈ భాగహారానికి మూల్యం ఉంది. రెండు గుంపుల తేడాలో ప్రామాణిక దోషం, అంటే లాటరీ చలవతో అంకె అటూ ఇటూ ఊగే కొలత, ఇక్కడ సుమారు 1 పాయింటు. 0.30తో భాగించగానే అదీ 3.3 అవుతుంది. అటూ ఇటూ దానికి దాదాపు రెట్టింపు వదలాలి, అంటే 10 అన్న మన జవాబు నిజానికి 3.5 నుంచి 16.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దొరికేది పదిమందిలో ఒక్కరే అయితే దోషం 10కి పోతుంది, ఇక ఆ ప్రయోగం చేసినా చేయకపోయినా ఒకటే. దొరికేవాళ్లు ముందున్నదాంట్లో మూడో వంతుకు పడిపోతే, అదే కచ్చితత్వానికి తొమ్మిది రెట్ల ఓటర్లు కావాలి.

డేవిడ్ నికర్సన్ అనే మరో పరిశోధకుడు దీనికి తెలివైన ఉపాయం పట్టాడు. తలుపు తీసినవాళ్లలో లాటరీ ప్రకారం సగంమందికి ఓటు గురించి, మిగతా సగానికి చెత్త రీసైక్లింగ్ గురించి చెప్పించాడు. మందుల పరీక్షల్లో ఇచ్చే ఉత్తుత్తి మాత్ర లాంటిదన్నమాట. ఇక తలుపు తీసినవాళ్లను తలుపు తీసినవాళ్లతోనే పోల్చొచ్చు. మన లెక్కలో అవే 5,000 మంది దగ్గరికి వెళ్తే 750, 750 దొరుకుతారు, దోషం 2.6కి దిగుతుంది. పదిమందిలో ఒక్కరే దొరికే చోట 10 బదులు 4.4. ఒక్కటే షరతు: తలుపు తెరుచుకుని “దొరికారు” అని రాసుకునేదాకా రెండు జట్లూ ఒకే మాట మాట్లాడాలి. ఎన్నికల బ్యాడ్జీ పెట్టుకుని వెళ్తే కిటికీలోంచి చూసి కొందరు తలుపే తీయరు, పోలిక చెడిపోతుంది.

చెడేది ఎక్కువగా వీధిలోనే. కుక్క ఉన్న ఇల్లు వదిలేస్తారు. జాబితాలో లేని పక్కింటాయనకూ ఉత్సాహంగా చెప్పేస్తారు. అయినా లెక్క లాటరీ చీటీ ప్రకారమే వేయాలి, జరిగినదాని ప్రకారం కాదు.

“ఇంత తంటా ఎందుకు, మాట్లాడినవాళ్లొకరు, మాట్లాడనివాళ్లొకరుగా వయసూ పాత ఓటు రికార్డూ కలిసే జంటల్ని ఏరి పోల్చితే పోలేదా?” అంటారు. 2002లో అమెరికా రాష్ట్రాలైన అయోవా, మిషిగన్‌లలో ఫోన్ల మీద భారీ ప్రయోగం జరిగింది. లాటరీ లెక్కలో ప్రభావం దాదాపు సున్నా. అదే సమాచారాన్ని జంటలు కట్టి పోలిస్తే ఫోన్లు బాగా పనిచేసినట్టు తేలింది. ఫోన్ ఎత్తే గుణం ఏ రికార్డులోనూ ఉండదు మరి.

ఉత్తరమైతే ఈ గొడవ తక్కువ. 2006 ఆగస్టులో పార్టీల అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నికకు ముందు మిషిగన్‌లో పంపిన ఒక ఉత్తరంలో, ఆ ఇంటివాళ్ల పేర్లూ ఇరుగుపొరుగు పేర్లూ, 2004లో ఎవరు ఓటేశారో ఎవరు వేయలేదో పట్టికగా అచ్చేశారు. ఎన్నికయ్యాక కొత్త పట్టిక మళ్లీ పంపుతామని కూడా రాశారు. ఎవరికి వేశారన్నది అక్కడా రహస్యమే, వేశారా లేదా అన్నది మాత్రం బహిరంగ రికార్డు. ఉత్తరం అందనివాళ్లలో పోలింగ్ 29.7 శాతం, ఓటు పౌరధర్మమని మాత్రమే రాసిన ఉత్తరానికి 31.5, ఈ పట్టికకు 37.8. కాగితం ముక్కకు 8 పాయింట్లు! పద్ధతి మాత్రం నాకు బెదిరింపులాగే తోస్తుంది.

మళ్లీ తలుపు దగ్గరికి. నికర్సన్ 2002లో డెన్వర్, మినియాపొలిస్‌లలో ఇద్దరు ఓటర్లున్న ఇళ్లనే ఎంచుకున్నాడు. తలుపు తీసినవారి మీద పడిన ప్రభావంలో దాదాపు 60 శాతం, తలుపు తీయని రెండోవారికీ పాకింది. ఇది మన భాగహారం కాళ్లే విరగ్గొడుతుంది, ఎందుకంటే దొరకనివాళ్ల మీద ప్రభావం సున్నా అనుకునే 0.30తో భాగించాం. లాటరీ ఇళ్లవారీగా వేసి, ఇంటికిద్దరు ఓటర్లుండి, తలుపు తీసిన ప్రతిచోటా లోపల ఇంకొకరు ఉన్నారనుకోండి. అదనంగా వచ్చిన 150 ఓట్లలో 94 తలుపు తీసినవాళ్లవి, 56 లోపలివాళ్లవి. పది అనుకున్న ప్రభావం ఆరుంబావుకు దిగుతుంది.