ఇంట్లో ఉన్నది మీరొక్కరే కాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

పరీక్షలు అయిపోయాయి, ఫోన్లు మళ్లీ మీ చేతుల్లోకి వచ్చాయి. సెలవుల్లో పలకరించే పిల్లల నోట ఒక మాట తరచూ వింటున్నాను: "అందరూ ఎక్కడెక్కడికో వెళ్తున్నారు మాస్టారూ, నేనే ఇంట్లో పడి ఉన్నాను." దీన్నే మీరు ఫోమో అంటున్నారు, అంటే అందరూ అనుభవిస్తున్నది మనమే కోల్పోతున్నామన్న భయం. ఆ దిగులు నిజమైనదే. "ఇదీ ఒక బాధేనా" అని కొట్టిపారేసే పెద్దలంటే నాకు కోపం. కానీ ఆ "అందరూ" అన్న మాట మాత్రం లెక్కకు నిలవదు. ఎలాగో చూడండి.

ఇన్‌స్టాలో మీరు 300 మందిని ఫాలో అవుతున్నారనుకుందాం. ఒక్కొక్కరూ 60 రోజులకు ఒక్కసారే సరదాగా బయటికి వెళ్తారనుకోండి. ఒకరు అరకు వెళ్లారు, ఒకరు కొత్త సినిమా మొదటి ఆటకు వెళ్లారు, ఇంకొకరు అక్క పెళ్లి సంగీత్‌లో డాన్స్ చేశారు. 300ని 60తో భాగిస్తే 5. అంటే ఏ రోజు ఫోన్ తెరిచినా సగటున ఐదుగురు ఎక్కడో ఒకచోట నవ్వుతూ కనిపిస్తారు. మీరూ రెండు నెలలకోసారి వెళ్లేవాళ్లే. ఆ 300 మందిలో ఒక్కరు కూడా మీకంటే ఎక్కువ తిరగలేదు. అయినా మీ కంటికి రోజుకు ఐదు షికార్లు ఆనాయి. మరి మిగతా 295 మంది ఆ రోజంతా ఏం చేశారు? ల్యాబ్ రికార్డు రాసుకున్నారు, మేడమీద బట్టలు ఆరేశారు, సప్లీ ఫీజు సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నారు. అవేవీ స్టోరీలోకి రావు.

స్నేహితుల లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. స్కాట్ ఫెల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1991లో దీని మీద ఒక వ్యాసం రాశారు. ఒక గదిలో ఐదుగురు ఉన్నారనుకోండి. ఒకడు మిగతా నలుగురికీ స్నేహితుడు, ఆ నలుగురికీ వాడొక్కడే స్నేహితుడు. నలుగురిలో ఎవరిని అడిగినా "నాకు ఒక్కడే, మావాడికి మాత్రం నలుగురు" అంటారు. ఐదుగురిలో నలుగురికి తామే వెనకబడ్డట్టు అనిపిస్తుంది. కలివిడిగా ఉండేవాడు అందరి జాబితాల్లోనూ ఉంటాడు, ముభావంగా ఉండేవాడు ఎవరి కంటా పడడు. అందుకే చాలామంది విషయంలో వాళ్ల స్నేహితులకే వాళ్లకంటే ఎక్కువమంది స్నేహితులు ఉంటారు. మీలో లోపం ఉండి కాదు, లెక్క అలా పడుతుంది.

దీనికి తోడు ఆ యాప్‌ల తయారీ. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది. స్నాప్‌చాట్ 2013లో మొదలుపెట్టింది, ఇన్‌స్టాగ్రామ్ 2016లో అందుకుంది. మాయమయ్యేదాన్ని ఇప్పుడే చూడాలి అనిపించడం మనిషి స్వభావం. కిందికి ఎంత జరిపినా అయిపోని పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, దాని గురించి తర్వాత తనే బహిరంగంగా బాధపడ్డారు. పేజీ అయిపోతే కదా మనం ఆగి, ఇక చాలు అనుకునేది! ఆ ఆగే చోటునే తీసేశారు. "నాకు నిగ్రహం లేదు" అని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

అయితే లెక్కతో తీరని బాధ ఒకటుంది. మీ రూమ్మేట్లు నలుగురూ మీకు చెప్పకుండా గోవా వెళ్లారు, ఆ సంగతి మీకు స్టోరీలో తెలిసింది. అది భ్రమ కాదు, దెబ్బే. ఎన్ని స్టోరీలు మ్యూట్ చేసినా అది మానదు. వాళ్లలో మీకు బాగా దగ్గరైనవాళ్లను పక్కకు పిలిచి "నన్నెందుకు పిలవలేదు?" అని నేరుగా అడగండి. చాలాసార్లు "నీ దగ్గర డబ్బులుండవేమో అనుకున్నాం" లాంటి మొహమాటం బయటపడుతుంది. ఒక్కోసారి నిజంగానే వద్దనుకుని ఉంటారు. బాధేస్తుంది, కానీ రోజుల తరబడి వాళ్ల ప్రొఫైల్ చూస్తూ ఊహించుకోవడం కంటే అది నయం. మనల్ని కోరి పిలిచేవాళ్లు ఎవరో వెతుక్కోవచ్చు. 2013లో ఆండ్రూ షిబిల్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఈ ఫోమోను కొలిచినప్పుడు, నావాళ్లు ఉన్నారన్న భరోసా, నాకు చేతనవుతుందన్న నమ్మకం, నా నిర్ణయాలు నావేనన్న స్వేచ్ఛ తక్కువగా ఉన్నవాళ్లలో అది ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఫోన్ లాక్కుంటే పని అయిపోతుందనుకునే అమ్మానాన్నలూ ఈ ఉత్తరం చదివితే మంచిది.

మరి ఏం చేయాలి? క్లాస్ వాట్సాప్ గ్రూప్ వదిలేయమని నేను చెప్పను, నోట్స్ అందులోనే వస్తాయి. 2018లో వెలువడిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అధ్యయనంలో 143 మంది విద్యార్థులు పాల్గొన్నారు. కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను రోజుకు ఒక్కోటి పది నిమిషాలకే పరిమితం చేసుకున్నారు. మూడు వారాల్లో వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. నాకు బాగా నచ్చింది రెండో సంగతి. ఏ పరిమితీ లేకుండా, వాడకం లెక్క మాత్రం పంపినవాళ్లలో కూడా ఆందోళన, ఫోమో తగ్గాయి! ఎంతసేపు చూస్తున్నామో గమనించుకోవడమే కొంత మందులా పనిచేసిందని పరిశోధకులు భావించారు. మీ ఫోన్ సెట్టింగ్స్‌లోనూ ఆ లెక్క ఉంటుంది. రోజూ రాత్రి ఆ అంకె ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే, చూశాక మనసు ఎలా ఉందో ఒక ముక్క రాయండి. ఎవరి పోస్టులు చూశాక మనసు చివుక్కుమంటుందో నాలుగు రోజుల్లో మీకే తెలిసిపోతుంది. వాళ్లను మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు కూడా. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి, అలారానికి ఒక గడియారం కొనుక్కోండి.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే అది ఫోన్ గొడవ ఒక్కటే కాకపోవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగొద్దు. ఇంట్లో చెప్పడానికి నోరు రాకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రి చేసినా పలుకుతారు.

మీ మాస్టారు